ఎడమ దవడ తేజస్సు

పంటి నొప్పికి పేదా గొప్పా తేడా లేదని ఎవరో అన్నారు. అన్నవాడికి పంటి నొప్పి వచ్చి ఉండదు. వచ్చినా, బందరు బస్సెక్కి పీకించుకొచ్చే స్తోమత ఉండి ఉంటుంది. అది లేనివాడి నొప్పి వేరు. పంట్లో పుట్టి, చెవిలోకి పాకి, కణత మీద కూర్చుని, చివరికి ఇంట్లోవాళ్ళ మీద చిరాకై దిగుతుంది.

సుందరరాజుకి ఆ నొప్పి తొంభై ఎనిమిదో సంవత్సరంలో, సరిగ్గా శ్రమకాలం మొదలయ్యే భస్మ బుధవారం నాడు పట్టుకుంది. అవనిగడ్డ నుంచి కోడూరు వెళ్ళే రోడ్డులో పాలెం సెంటరు ఉంది. అక్కడ అతనిది సైకిలు షాపు. షాపంటే పెద్దగా ఊహించుకోకండి. ఒక గాలిపంపు, ఒక నీళ్ళ తొట్టి, నాలుగు పానాలు పట్టే రేకు పెట్టె. పంక్చర్లు వేయగా మిగిలిన సమయంలో ఊరి చర్చిలో గంట కొడతాడు, బెంచీలు తుడుస్తాడు. ఇరవై రెండేళ్ళుగా ఇదే పని. జీతం లేదు, పుణ్యం ఉందని కమిటీవాళ్ళు ఏటా గుర్తు చేస్తుంటారు.

అతనికి జీవితంలో ఒకే ఒక కోరిక. గుడ్ ఫ్రైడే మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడింటిదాకా సిలువ మీద ఏసు పలికిన ఏడు మాటల ధ్యానం జరుగుతుంది. మాటకొకరు చొప్పున ఏడుగురు పుల్పిట్ ఎక్కి మాట్లాడతారు. మొదటి మాట పాస్టరు అయ్యగారిది. ఆరోది కమిటీ సెక్రటరీ ధనరాజు మాస్టారిది. తక్కినవి బ్యాంకు గుమస్తా, నర్సమ్మగారు, అలాంటి ఇస్త్రీ బట్టలవాళ్ళవి. సుందరరాజు పని, మాట్లాడబోయే ప్రతివారికీ గ్లాసుడు మంచినీళ్ళు అందించడం. ఏటా అవే ప్రసంగాలు కావడంతో ఏడూ అతనికి కంఠతా వచ్చేశాయి. ఎక్కడ గొంతు వణికించాలో, ఎక్కడ జేబురుమాలు తీయాలో కూడా తెలుసు. ఒక్కసారి, ఒక్క మాట తనకిస్తే ఎంత బాగా చెప్పగలడో! కానీ పంక్చర్లు వేసేవాడికి మాట ఎవరిస్తారు? నీళ్ళ గ్లాసు ఇస్తారు.

సరే, నొప్పి సంగతి. ఎడమ వైపు కింది దవడ పన్ను. ముందు లవంగం పెట్టాడు. తర్వాత ఉప్పు నీళ్ళు పుక్కిలించాడు, పొగాకు నలిపి దూర్చాడు. పొగాకుకి తల తిరిగింది తప్ప నొప్పి వెనుతిరగలేదు. అవనిగడ్డలో ఆర్ఎంపీ డాక్టరు ఎర్ర బిళ్ళలిచ్చాడు. అవి ఉన్న మూడు రోజులూ నొప్పి మర్యాదగా ఉండి, నాలుగో రోజు బకాయితో సహా వసూలు చేసుకుంది.

చివరికి ప్రేమమ్మ దగ్గరికి వెళ్ళాడు. పంటి పురుగులు తీయడంలో ప్రేమమ్మది అందె వేసిన చెయ్యి. కాలిన పెంకు మీద వాకుడు గింజలు వేసి, పైన కొబ్బరి చిప్ప బోర్లించి, చిప్ప కంట్లోంచి వచ్చే పొగని గొట్టంతో నోట్లోకి పట్టింది. కళ్ళూ ముక్కూ ఏకమై సుందరరాజు ఉమ్మిన నీళ్ళలో తెల్లగా సన్నగా ఏవో తేలాయి. ఆమె పుల్లతో లెక్కపెట్టి చూపించింది. ఆరు పురుగులు. అవి కాలిన గింజల్లోని పప్పు ముక్కలని చదువుకున్నవాళ్ళంటారు. నొప్పితో ఉన్నవాడికి చదువుతో పనేముంది? ఆరు పోయాయి గదా అని సంతోషంగా ఇంటికొచ్చాడు. ఏడోది లోపలే ఉండిపోయిందని పొద్దుటికి తేలింది.

ఇక తప్పదని బందరు వెళ్ళాడు. పళ్ళ డాక్టరు టార్చి వేసి చూసి, "పీకితే మూడొందలు, నిలబెట్టాలంటే మూడువేలు" అన్నాడు. ఎన్నికలు అప్పుడే అయ్యాయి. మనిషిని నిలబెట్టడానికే ఖర్చవుతుందనుకున్న సుందరరాజుకి పన్నుకి కూడా అవుతుందని ఆ రోజే తెలిసింది. బస్సు చార్జీకి పోను జేబులో పదకొండు రూపాయలున్నాయి. కుర్చీలోంచి మర్యాదగా దిగి, చొక్కా సర్దుకుని, మళ్ళీ వస్తానని చెప్పి వచ్చేశాడు.

అప్పటికి నమలడం మానేసి పది రోజులైంది. పొద్దున చెంబుడు గంజి, సాయంత్రం గ్లాసుడు మజ్జిగ. అవి కూడా కుడివైపు నుంచి, తల వంచి జార్చుకోవాలి.

ఈస్టరు ముందు వచ్చే శ్రమకాలం నలభై రోజులూ పాలెంలో ఇంటింటా సాయంత్రం ప్రార్థనలుంటాయి. శ్రమకాలం పేరుకే. ఒకరింట్లో గారెలు పెడితే మరుసటి ఇంట్లో గారెలూ కేసరీ పెడతారు. శ్రమంతా ఆ ఇంటి ఆడవాళ్ళది. ఆ రోజు ధనరాజు మాస్టారింట్లో ప్రార్థన. గారెల మీద సుందరరాజుకి ఉన్న ప్రేమ ఊరందరికీ తెలుసు. అలాంటిది విస్తరాకు మీద చెయ్యి అడ్డం పెట్టేశాడు. సరిగ్గా అప్పుడే పంట్లో సూది దిగినట్టయి కళ్ళ వెంట నీళ్ళు కారాయి. తల దించుకున్నాడు.

అయ్యగారు అది చూశారు. చేతిలో గారె అలాగే ఉంచి, గద్గద స్వరంతో, "చూశారా? మనం తింటున్నాం. సుందరరాజు ఉపవాసముండి కన్నీళ్ళు కారుస్తున్నాడు" అన్నారు.

అందరూ ఒక్క క్షణం నమలడం ఆపారు. మళ్ళీ మొదలెట్టారు, కానీ నెమ్మదిగా, గౌరవంగా.

కాదని చెప్పాలంటే నోరు తెరవాలి. నోరు తెరిస్తే గాలి తగిలి ప్రాణం పోతుంది. అతను తెరుద్దామా వద్దా అని తటపటాయించేలోగా అయ్యగారు లేచి అతని పేరు పెట్టి ప్రార్థన చేయడం మొదలెట్టారు. ఇరవై రెండేళ్ళలో పెద్దలింట్లో తన పేరు ప్రార్థనలో రావడం అదే మొదటిసారి. ఆ ప్రార్థన మధ్యలో అడ్డుపడి, అయ్యా ఇది పిప్పిపన్నండి అనడం ఎవరి తరం? సుందరరాజు తల ఇంకాస్త దించుకున్నాడు. అదీ వినయం కిందే జమైంది.

తెల్లారేసరికి అతని పేరుకి గారు తగిలింది. "సుందరరాజుగారూ, వందనాలండి" అంటూ బ్యాంకు గుమస్తా సైకిలు దిగి మరీ పలకరించాడు. టైరులో గాలి కొట్టించుకుని, మా అబ్బాయి పరీక్షల గురించి ప్రార్థనలో జ్ఞాపకం చేసుకోండి అని వెళ్ళిపోయాడు. గాలి కొట్టినందుకు పావలా ఇవ్వడం మర్చిపోయాడు. భక్తుణ్ణి పావలా దగ్గర చూడకూడదనుకున్నాడో ఏమో. ఆ వారంలో చాలామంది అలాగే మర్చిపోయారు.

ఇంట్లో భార్య కృపావతి మాత్రం ఊరుకోలేదు. కలుపు తీసి వచ్చి, బురద కాళ్ళతోనే గుమ్మంలో నిలబడింది.

"ఉపాసమంట గదయ్యా. చేలో అందరూ నాకు వందనాలు పెడుతున్నారు. పొద్దున చెంబుడు గంజి తాగింది ఎవరు, మీ అయ్యా?"

"నేను ఉపాసమని ఎవరితోనూ అన్లేదే," అన్నాడు దవడ పట్టుకుని.

"కాదని మాత్రం అన్నావా?"

తేలు కుట్టిన దొంగలా గోడవైపు తిరిగి పడుకున్నాడు.

నాలుగో వారానికి దవడ వాచింది. చర్మం బిగుసుకుని నిగనిగలాడింది. ఆదివారం చర్చిలో నర్సమ్మగారు అతన్ని తేరిపార చూసి, "ఉపవాసాలతో సుందరరాజుగారి ముఖంలో ఏదో తేజస్సు వచ్చింది" అన్నారు. ఆవిడ నర్సు. ఆవిడ అన్నాక ఇంకెవరు కాదంటారు? తేజస్సు ఎడమవైపే ఎందుకొచ్చిందని ఎవరికీ అనుమానం రాలేదు. తలకి తుండు చుట్టుకుని గడ్డం కింద ముడి వేసుకుంటే అది దీక్ష అనుకున్నారు. మరుసటి ఆదివారం ఇద్దరు కుర్రాళ్ళు కూడా అలాగే కట్టుకొచ్చారు. ఊళ్ళో అసలు సంగతి తెలిసింది కృపావతికీ, ప్రేమమ్మకీ. ఆరు పురుగులు తీసినా నొప్పి తగ్గలేదని పొక్కితే తన హస్తవాసికి దెబ్బని ప్రేమమ్మ నోరు మెదపలేదు.

గుడ్ ఫ్రైడేకి ముందొచ్చే మట్టల ఆదివారం నాడు ధనరాజు మాస్టారు లేచి ప్రకటన చదివారు. ఏటా ఐదో మాట చెప్పే సొసైటీ సూపర్‌వైజరు గారికి గుడివాడ బదిలీ అయినందున, ఈ సంవత్సరం ఆ మాట సుందరరాజుగారికి ఇవ్వడమైనదని చదివారు. సుందరరాజు గంటతాడు పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఆనందంతో తాడు లాగేశాడు. ఆరాధన మధ్యలో గంట మోగింది. అందరూ దాన్ని కూడా భక్తే అనుకున్నారు.

ఆ సాయంత్రం కృపావతి తల దువ్వుకుని, ఉతికిన చీర కట్టుకుని బయల్దేరింది.

"ఎక్కడికే?"

"అయ్యగారి దగ్గరికి. బీదల పెట్టె ఉంది గదా. జబ్బు చేసినోళ్ళకి ఇస్తారు గదా. నీకు జరం వస్తోంది. పన్ను పీకించడానికి మూడొందలు అడుగుతా."

సుందరరాజు అడ్డం వెళ్ళి గుమ్మంలో నిలబడ్డాడు. "ఇప్పుడెళ్ళి పన్నంటే మాట తీసేస్తారే. ఐదు రోజులు. ఐదే రోజులు ఓర్చుకుంటా. శుక్రవారం మాట చెప్పేసి, శనివారం నేనే చెప్తా."

"ఆ మాట చెప్పడానికి నోరు ఉండాలి గదయ్యా," అంది కృపావతి. కానీ అతని కళ్ళలోకి చూసి ఆగిపోయింది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆ మనిషి తన కోసం ఏదీ కావాలని అడగలేదు. చెప్పులు విప్పి లోపలికి వచ్చేసింది. ఆమెకి ఏడుపూ వచ్చింది, కోపమూ వచ్చింది. రెండూ కలిపి పొయ్యి మీద గంజి పెట్టింది.

గుడ్ ఫ్రైడే వచ్చింది. ఎండ నిప్పులు కక్కుతోంది. ఒళ్ళు కాలిపోతున్నా సుందరరాజు పదింటికే వచ్చి బెంచీలు తుడిచాడు. అలవాటు ఎక్కడికి పోతుంది? తెల్ల పంచె, ఎరువు తెచ్చుకున్న తెల్ల చొక్కా. లోలోపల ప్రసంగం మననం చేసుకుంటున్నాడు. నోరు వేలు దూరేంత మాత్రమే తెరుచుకుంటోంది. ఐదోది 'దప్పిగొనుచున్నాను' అన్న దాహం మాట గదా, నోరెండినట్టు చెప్తే అతికినట్టు ఉంటుందని సర్దుకున్నాడు.

అప్పుడొచ్చింది పుష్పావతి. కాలవగట్టున ఉంటుంది, వెనక బెంచీ మనిషి. పక్కన ఎనిమిదేళ్ళ కూతురు క్రిస్టినా, దవడకి గుడ్డ కట్టుకుని.

"వందనాలండి సుందరరాజుగారూ. పిల్లకి పన్ను నొప్పండి. నాలుగు రోజుల్నించీ నిద్ర లేదు. మీరు చెయ్యి పెట్టి ప్రార్థన చేస్తే తగ్గుద్దంట, అందరూ అంటన్నారు."

గుడ్డ తీసింది. ఆ దవడ చూసి సుందరరాజు పన్ను ఒక్కసారి జివ్వుమంది. అదే వాపు. అదే నిగనిగ. పిల్ల ఏడవడం లేదు. ఏడిస్తే ఇంకా నొప్పని తెలుసుకుంది. ఆ తెలివి ఎలా వస్తుందో అతనికి బాగా తెలుసు.

"బందరు తీసుకెళ్ళమ్మా," అన్నాడు.

"తీసుకెళ్దామనే డబ్బులు కూడేశానండి. మళ్ళీ ఆలోచించా. మీలాంటోరు ఇక్కడుండగా డాక్టరెందుకండి? ఆ డబ్బు ఇయాళ కానుకలో వేసేస్తా." కొంగు ముడి చూపించింది.

"వెయ్యొద్దు. ప్రార్థనకి ఇది తగ్గదమ్మా. నా మాట విను, రేపే తీసుకెళ్ళు."

పుష్పావతి చేతులు జోడించింది. "మీరు అట్టా తగ్గించుకుని మాట్లాడతారని అందరూ చెప్పారండి." అతని చెయ్యి పట్టుకుని పిల్ల తల మీద పెట్టించుకుని, దండం పెట్టి, వెళ్ళి వెనక బెంచీలో కూర్చుంది.

ధ్యానం మొదలైంది. ఒకటో మాట, రెండో మాట, మూడో మాట. సుందరరాజు కోసం ముందు వరసలో కుర్చీ వేశారు. నీళ్ళ గ్లాసులు ఇంకెవరో అందిస్తున్నారు. ఇన్నేళ్ళూ ఆ కుర్చీ మీద ఎంత ఆశ పెట్టుకున్నాడు! ఇప్పుడది కాలుతున్న పెనంలా ఉంది. వెనక్కి తిరిగి చూస్తే పుష్పావతి కొంగు ముడి గుప్పిట్లో పట్టుకుని కూర్చుంది. పిల్ల తల్లి ఒళ్ళో తలపెట్టి, కన్ను ఆర్పకుండా అతన్నే చూస్తోంది. ఏడో మాట కాగానే కానుక సంచి తిరుగుతుంది. సంచిలో పడిన డబ్బు మళ్ళీ పైకి రాదు. కమిటీ లెక్కల్లోకి వెళ్ళిపోతుంది.

"ఐదవ మాట, సహోదరులు సుందరరాజుగారు" అన్నారు అయ్యగారు.

పుల్పిట్ ఎక్కాడు. పైనుంచి చూస్తే చర్చి చాలా పెద్దదిగా ఉంది. అందరూ అతని నోటి వంకే చూస్తున్నారు. ఎన్నాళ్ళ నుంచో దాచుకున్న ప్రసంగం నాలుక చివరికి వచ్చింది. ఒక్క పది నిమిషాలు చెప్పుకుని, తర్వాత ఆ తల్లిని బయట పట్టుకుందామా అని కూడా అనిపించింది. అప్పటికి సంచి తిరిగిపోయి ఉంటుంది.

"అయ్యగారికీ, పెద్దలకీ వందనాలండి," అన్నాడు. గొంతు ముక్కులోంచి వచ్చింది. "నేను ఉపాసం ఉండలేదండి."

ధనరాజు మాస్టారు విసనకర్ర ఆపారు.

"నాకు పన్ను నొప్పండి. నమల్లేక తినడం మానేశా. రోజూ గంజి తాగుతున్నా. బందరు డాక్టరు మూడొందలు అడిగాడు. లేక వచ్చేశా. మీరు ఉపాసం అనుకున్నారు. నాకు బాగుందనిపించి ఊరుకున్నా. గారు అన్నారు గదండీ. ఇది తేజస్సు కాదండి, చీము." తుండు ముడి విప్పి దవడ చూపించాడు. "పుష్పావతమ్మా, నా చేతిలో ఏమీ లేదమ్మా. ఉంటే ముందు నాదే తగ్గించుకుందును గదా. ఆ డబ్బు సంచిలో వెయ్యబాక. పిల్లని రేపు బందరు తీసుకెళ్ళు."

అంతే. ఇరవై రెండేళ్ళు ఎదురుచూసిన మాట ఒక్క నిమిషంలో అయిపోయింది. మెట్లు దిగాడు. ముందు కుర్చీ దాటి, బెంచీలు దాటి, బయట వరండాలో నీళ్ళ కుండ పక్కన చతికిలబడ్డాడు. కృపావతి లేచి వచ్చి పక్కన కూర్చుంది. తుండు తడిపి నుదుటి మీద వేసింది.

లోపల ధనరాజు మాస్టారు ఆరో మాట పక్కనబెట్టి అబద్ధపు భక్తి గురించి అరగంట చెప్పారు. చాలా బాగా చెప్పారు. జేబురుమాలు కూడా తీశారు.

ఏడో మాట కూడా కాగానే కమిటీ అక్కడికక్కడే కూర్చుంది. బీదల పెట్టెలో సొమ్ము రోగులకే గానీ సంఘాన్ని మోసం చేసినవారికి ఇవ్వడం కుదరదని తీర్మానించింది. భక్తుడిగా ఉన్నన్నాళ్ళూ సుందరరాజు రోగి కాడు. రోగి అని తేలాక యోగ్యుడు కాకుండా పోయాడు. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు, ఆ పెట్టెకి తాళం కూడా ఉంది.

కానుక సంచి మాత్రం వెనక బెంచీల దగ్గర ఎందుకో తేలిగ్గా సాగిపోయింది. జనం బయటికి వచ్చేటప్పుడు ముందు వరసవాళ్ళు అతన్ని చూడనట్టు చెప్పులు వేసుకున్నారు. వెనకవాళ్ళు ఒక్కొక్కరే కుండ దగ్గర ఆగారు. ఒకామె పెదవి లాగి తన చిగుళ్ళు చూపించింది. ఇంకొకాయన ఎనిమిదేళ్ళుగా కుడివైపే నములుతున్నానన్నాడు. మూడొందలేనా, ఎక్స్‌రేతో కలిపేనా అని ఒకడు వివరాలు అడిగాడు. వెళ్ళేటప్పుడు పిడికిట్లో ఉన్నది సంచిలో వెయ్యకుండా మిగుల్చుకున్నవాళ్ళంతా దాన్ని కృపావతి ఒళ్ళో వేసి పోయారు. చివరికి ప్రేమమ్మ వచ్చింది. పురుగులు తీసినందుకు పుచ్చుకున్న పది రూపాయలూ కొంగులోంచి తీసింది.

"ఏవన్నా తిన్నావా నాయనా?" అంది.

నలభై రోజుల్లో ఆ మాట అతన్ని అడిగినవాళ్ళు లేరు. భక్తుణ్ణి తిన్నావా అని ఎవరడుగుతారు? సుందరరాజు తల మోకాళ్ళ మధ్య పెట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

శనివారం పొద్దున్నే సుందరరాజు, కృపావతి, పుష్పావతి, క్రిస్టినా నలుగురూ బందరు బస్సెక్కారు. రెండు పళ్ళున్నాయి గనక ఒక్కో దానికీ యాభై తగ్గించాలని కృపావతి వంకాయలు బేరమాడినట్టు ఆడి, తగ్గించింది. పిల్లది ముందు పీకారు. అది దూది కొరికి పట్టుకుని, బల్ల మీద కాళ్ళు ఊపుతూ, అతనిది పీకడం చూడ్డానికి కూర్చుంది.

డాక్టరు సుందరరాజు నోట్లోకి టార్చి వేసి, ముక్కుకి గుడ్డ కట్టుకుని, కృపావతి వైపు తిరిగి చిరాకు పడ్డాడు.

"ఏంటమ్మా ఇది? దవడ ఎముకదాకా పోయింది. ఇంత వాచేదాకా మీ ఊళ్ళో ఒక్కళ్ళూ చూడలేదా?"

"చూడకేవండీ," అంది కృపావతి. "ఊరంతా చూసి వందనాలు పెట్టారండి."